పద్నాలుగో నంబరు ఇంట్లో ఇంటర్నెట్ ఆగిన వేళలు

అలెగ్జాండ్రియా, మొహర్రం బే,
ఆదివారం, 3 మార్చి 2024.

గౌరవనీయులు ఉస్తాద్ వదీ గారికి,

సలాం. నేను బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు, కానీ అవి లెక్కలోకి రావు.

పదేళ్ళుగా రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కారణాలు రెండు. మన పద్నాలుగో నంబరు ఇంటికి ఫైబర్ వస్తోంది. ఏప్రిల్లో మెట్ల కింద పెట్టె బిగిస్తారు. మే ఏడో తేదీ మంగళవారం నాడు, ఇరవై ఏళ్ళుగా గోడల మీద వేలాడుతున్న పాత కేబుళ్ళన్నీ పీకేస్తారు. ఇది మొదటిది. రెండోది, విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ మైసా అనే అమ్మాయి వచ్చింది. ఈ ఊళ్ళో ఇళ్ళలోకి ఇంటర్నెట్ ఎలా వచ్చిందో చూపే ప్రదర్శన ఒకటి పెడుతోంది. ఊరంతా తిరిగి పాత మోడెములు పోగుచేసిందట. నా బీరువాలో ఇంటర్నెట్ ఆపిన గంటల పుస్తకం ఉందని చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. దాన్ని అద్దాల పెట్టెలో పెడతానంది.

మీకు గుర్తుండే ఉంటుంది. రెండువేల సంవత్సరంలో నా మనవరాలు నెర్మీన్ మొదటి మోడెమ్ కొన్నప్పుడు, అది పిల్లి గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అరిచేది. ఆ అరుపు ఆగాక ఇంటర్నెట్, ఇంటర్నెట్ ఉన్నంతసేపూ ఫోన్ లేదు. టాంటాలో ఉన్న మా చెల్లెలు నాలుగు గంటలపాటు ఫోన్ చేసి, కలవక, నేను పోయాననుకుని రైలెక్కి వచ్చింది. ఉట్టి చేతులతో రాలేదు, నల్లబట్టలు తెచ్చుకుంది. రెండువేల రెండులో లోకల్ ఫోన్ ఖర్చుకే ఇంటర్నెట్ అన్నారు. మా గుమ్మంలో చెప్పుల వరస మెట్ల దాకా పెరిగింది. తలా అరగంట ఇచ్చాను. ఆ తర్వాత, రెండువేల నాలుగులో, ఎప్పుడూ తెగని లైను వచ్చింది. ఈ ఇల్లు మొత్తంలో నా ఫోన్ తీగ ఒక్కటే బాగుందని, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మీరే తేల్చారు. నా బాల్కనీ నుంచి నీలం కేబుల్ లాగి పదకొండు కాపురాలకూ పంచిందీ మీరే.

పంచాక నేను పెట్టిన నియమం ఒక్కటే. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ప్లగ్గు పీకుతాను. పిల్లలు చదువుకోవాలి, పెద్దలు కునుకు తీయాలి. పీకిన ప్రతిసారీ పుస్తకంలో రాశాను.

ప్రదర్శనవాళ్ళ నిబంధన ఏమిటంటే, ఏ వస్తువు పెట్టినా ఆ ఇంట్లో ఉన్న మరొకరు సాక్ష్యం రాయాలి. మీరు రాయవలసినది నేనే రాసి జతచేశాను:

"2004 సెప్టెంబరు 18 నుంచి 2014 మార్చి వరకు, శుక్రవారాలు మినహా, ప్రతిరోజూ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఈ ఇంట్లో పదకొండు కాపురాలకూ ఇంటర్నెట్ ఆగిపోయేదని, కేబుల్ లాగినవాడిగా నాకు స్వయంగా తెలుసునని సాక్ష్యమిస్తున్నాను."

కింద సంతకం పెట్టి ఏప్రిల్ పదిహేను లోపల పంపగలరు. సంతకం లేకపోతే పుస్తకం తిరిగి బీరువాలోకి పోతుంది.

ఇట్లు,
ఇన్షిరాహ్,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని, మూడో అంతస్తు.

తా.క. ఫోన్‌లో ఎందుకు అడగలేదంటే, మీ ఫోన్ మీ అమ్మాయి మార్సెల్ గట్టిగా పెట్టి ఇల్లంతా వినిపిస్తుంది. పోనీ రాత సందేశం పంపుదామని కిందటి పండక్కి ఒకసారి ప్రయత్నించాను. మీకు చేరింది నాట్యం చేస్తున్న టమాటా బొమ్మ అని తర్వాత తెలిసింది. అది నేను పంపలేదు.


పోర్ట్ సయీద్,
10 మార్చి 2024.

పూజ్యులు, ఇల్లంతా 'అబ్లా' అని పిలుచుకునే టీచరు గారికి, వదీ వినయంగా రాసుకునేది.

మీ కవరు మీద చేతిరాత చూడగానే నిటారుగా కూర్చున్నాను. "ఎవరు నాన్నా, పన్నుల ఆఫీసా?" అంది మార్సెల్. "అంతకంటే పెద్దది" అన్నాను. మీ దగ్గర లెక్కలు చదువుకున్న పిల్ల గనుక అర్థం చేసుకుని, లేచి వెళ్ళిపోయింది.

ఈ ఏడు మీ రంజానూ మా కాప్టిక్ క్రైస్తవుల పెద్ద ఉపవాసమూ రేపు ఒకే రోజు మొదలవుతున్నాయి. ఇంత మంచి కాలంలో మీ ఉత్తరం రావడం నా అదృష్టం.

ఎన్ని గుర్తు చేశారు. ఆ నీలం కేబుల్ లాగిన రోజు మీరు కింద నిలబడి, "వంకరగా ఉంది, ఉస్తాద్" అని మూడుసార్లు విప్పించారు. కింది అంతస్తు దర్జీ మెత్వల్లీ జీవితంలో మొదటిసారి ఇంటర్నెట్ తెరిచి, లండన్‌లో సూట్లు ఎలా కుడతారో చూసి, "వీళ్ళకి చంక కత్తిరించడం రాదు" అన్నాడు. నాలుగో అంతస్తు బహియ్యా మొలోఖియా కూర ఎలా వండాలో వెతికి, ముప్పై ఏళ్ళుగా తాను వండుతున్నదే సరైనదని తేలాక కంప్యూటర్ ఆపేసింది. ఇంకేమీ తెలుసుకోవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

సాక్ష్యం విషయం. మీ భాష అమోఘం. అయితే ఒకటి రెండు చిన్న మాటలు. "ఆగిపోయేది" అన్నచోట "ఆగినట్టు ఉండేది" అంటే ఇంకా సొగసుగా ఉంటుందేమో. "పదకొండు కాపురాలకూ" అన్నది మరీ లెక్కలా ఉంది. "కాపురాలకు" అని వదిలేస్తే చదివేవారికి ఊహించుకునే వీలుంటుంది. "స్వయంగా తెలుసు" కూడా తీసేయవచ్చు. ఈ వయసులో నాకు స్వయంగా ఏమి తెలుసు?

మీ విధేయుడు,
వదీ.

తా.క. సంతకం పెడదామనే ఉంది కానీ, చెయ్యి బాగా వణుకుతోంది. డాక్టరు పేర్లు రాయొద్దన్నాడు. ముఖ్యంగా సొంత పేరు.


అలెగ్జాండ్రియా,
15 మార్చి 2024.

గౌరవనీయులు ఉస్తాద్ వదీ గారికి,

మీ ఉత్తరం అందింది. రెండు పేజీలు, నలభై ఒక్క వరసలు, ప్రతి అక్షరమూ గీత మీద నిలబడింది. వణికే చేతికి మీరు నేర్పిన క్రమశిక్షణ మెచ్చదగినది.

మీ సవరణలు పరిశీలించాను. ప్లగ్గు పీకితే "ఆగినట్టు ఉండటం" ఎలా ఉంటుందో నాకు బోధపడలేదు. కొళాయి కట్టేస్తే నీళ్ళు ఆగినట్టు ఉంటాయా, ఆగుతాయా? "చదివేవారు ఊహించుకుంటారు" అన్నారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను. సమాధానం ఊహించుకున్న పిల్లకి ఒక్క మార్కూ వేయలేదు, మీ మార్సెల్‌తో సహా.

ఒక మాట అడుగుతాను. మీకు పేరు రాలేదనా? పుస్తకం పక్కన పెట్టే కార్డు మీద డాక్టర్ మైసా నా పేరే రాయించింది. మీ పేరు కూడా కావాలంటే చెప్పండి. "కేబుళ్ళ పర్యవేక్షకులు" అని వేయిస్తాను. మీ తలుపు మీది ఇత్తడి పలక మీద కూడా హోదా పేరు కంటే పెద్దదిగా ఉండేది కదా.

ఇట్లు,
ఇన్షిరాహ్.

తా.క. చెయ్యి వణికేవారికి పనికొచ్చే లావుపాటి కలం జతచేశాను. కిండర్‌గార్టెన్‌లో వాడతారు. కాగితం మీద గుర్రం బొమ్మ ఉంటే ఉండనివ్వండి.


పోర్ట్ సయీద్,
19 మార్చి 2024.

పూజ్యులు అబ్లా గారికి,

కలం అందింది. మార్సెల్ కొడుకు పట్టుకుపోయాడు.

హోదా గురించి కాదు అబ్లా, దేవుడే సాక్షి. ఇత్తడి పలక మీద అక్షరాలు చెక్కినవాడు గుడ్డివాడు, అంతే.

నా మనవి వేరు. ఆ పుస్తకం చాలా విలువైనది. అలాంటిదాన్ని తెరిచి పెడితే ఎండకి సిరా వెలిసిపోతుంది. అట్ట మాత్రమే చూపించి, మూసి పెట్టమనండి. ఎర్రటి అట్ట, దాని మీద మీ పేరు. చూడటానికి ఎంత హుందాగా ఉంటుంది. లోపల ఏముందో ఎవరికి కావాలి? ఈ రోజుల్లో జనం లోపలిది చదవరు, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

సాక్షి తప్పనిసరి అయితే, నేను ఊరు విడిచి పదేళ్ళయింది. బహియ్యా అక్కడే ఉంది, మెత్వల్లీ ఉన్నాడు. వాళ్ళ సాక్ష్యానికి ఇంకా తాజాదనం ఉంటుంది.

మీ విధేయుడు,
వదీ.

తా.క. మెత్వల్లీని అడిగేటప్పుడు అతని నోట్లో గుండుసూదులు లేకుండా చూసుకోండి. కిందటిసారి మీ పేరు వినగానే ఒకటి మింగాడు.


అలెగ్జాండ్రియా,
24 మార్చి 2024.

ఉస్తాద్ వదీ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను.

బహియ్యాకు కాగితం చూపించాను. మొదటి వరస చదివేదాకా ఆరోగ్యంగానే ఉంది. "ఇంటర్నెట్" దగ్గరకు రాగానే దగ్గు అందుకుంది. "అబ్లా, నా తల్లీ, కళ్ళు కనబడటం లేదు" అంది. దగ్గుకీ కళ్ళకీ సంబంధమేమిటని అడిగాను. "వయసు వస్తే అన్నీ కలిసిపోతాయి" అంది. ఆ సాయంత్రమే బాల్కనీలో నిలబడి, ఎదురింటివాళ్ళ పెళ్ళి పత్రికలో అచ్చు తప్పు పట్టింది.

మెత్వల్లీ నోట్లో సూదులు లేవు. కాగితాన్ని కొలత టేపుతో కొలిచి, మడిచి, నా చేతిలో పెట్టి, "ఈ గుడ్డ మా దగ్గర కుట్టరు, వదీ గారిని అడగండి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇంతమంది భుజాలు తడుముకుంటున్నారు. నేను దొంగ అన్న మాటే అనలేదు. కాబట్టి వరసగా అడుగుతున్నాను, వరసగా జవాబు రాయండి. ఆ నీలం కేబుల్ ఎక్స్ఛేంజి గోదాములోంచి చెప్పకుండా తెచ్చినదా? ఆ తీగల మీద పోయే ఇరుగుపొరుగు ఉత్తరాలు మీరు చదివేవారా? నా పుస్తకంలో అబద్ధం ఏదైనా ఉందా?

మూడో ప్రశ్న ముఖ్యం. నేను ఎనభై ఒకటో ఏట ఉన్నాను. నా చేత్తో రాసినది నలుగురూ చూసేచోట పెడుతున్నాను. దానిలో ఒక్క వరస తప్పున్నా ఇప్పుడే తెలియాలి, అద్దం వెనక్కి వెళ్ళాక కాదు.

మార్చి ముప్పై ఒకటి లోపల జవాబు రాకపోతే, ఏప్రిల్ ఒకటిన ఉదయం బస్సుకి నేనే పోర్ట్ సయీద్ వస్తాను. మీ అమ్మాయి ముందు, మీ చర్చి ఫాదర్ గారి ముందు ఇవే ప్రశ్నలు అడుగుతాను.

ఇన్షిరాహ్.

తా.క. బస్సు మొదటి సీటు దొరుకుతుందట. కనుక్కున్నాను.


పోర్ట్ సయీద్,
27 మార్చి 2024.

అబ్లా,

బస్సెక్కకండి. మీ మోకాళ్ళు తట్టుకోలేవు, నా గుండె అసలు తట్టుకోలేదు. అంతా రాస్తాను.

మొదటి ప్రశ్నకు: కాదు. కేబుల్ అత్తారీన్ సంతలో నా డబ్బుతో కొన్నాను. రెండో ప్రశ్నకు: చదవలేదు. మెత్వల్లీ తన ఉత్తరాలు తానే పైకి చదువుతాడు, అది వినబడితే నా తప్పు కాదు.

మూడో ప్రశ్నకు జవాబు రాయడానికి రాత్రి భోజనం మానేశాను. ఉపవాసంలో మానేయడానికి మిగిలింది అదే.

రెండువేల ఐదు జనవరిలో బహియ్యా కూతురు విదేశీ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు నింపుతోంది. ఆఖరి రోజు. ఆఖరి పేజీలో తండ్రి పేరు కొడుతుండగా మూడు గంటలైంది. మీరు ప్లగ్గు పీకారు. ఆ పిల్ల ఇంటి చెప్పులతో వీధి చివర ఇంటర్నెట్ దుకాణానికి పరుగెత్తి, అక్కడ వరసలో నిలబడి, ఏడుస్తూ మొదటినుంచి నింపింది. అందింది, దేవుడి దయ. ఆ సాయంత్రం మెత్వల్లీ దుకాణంలో అందరం కూర్చున్నాం. "అబ్లాకి చెబుదాం, ఈ మూడు గంటల నియమం ఇక చాలు" అన్నారు. ఎవరు చెప్పాలి అన్నాక అందరూ బొత్తాలు లెక్కపెట్టడం మొదలెట్టారు. చివరికి నా మీద పడింది.

మూడుసార్లు మీ తలుపు తట్టాను అబ్లా. మూడుసార్లూ టీ ఇచ్చారు, బస్బూసా మిఠాయి పెట్టారు, నా రక్తపోటు ఎంతో అడిగి కాగితం మీద రాసుకున్నారు. అసలు మాట చెప్పకుండానే ఆరో అంతస్తుకు వచ్చేశాను.

తర్వాత నా ఫోన్ తీగ బాగుచేసి, దాని మీద రెండో లైను తీసుకున్నాం. ముందువైపు నీలం కేబుల్ అలాగే వదిలి, వెనకవైపు గాలీ వెలుతురూ కోసం వదిలిన గాలిగూడులోంచి బూడిదరంగు కేబుల్ దించాం. మీరు వెనక కిటికీ తెరవరు, దుమ్మని. ఆనాటి నుంచి మీరు మూడింటికి ప్లగ్గు పీకితే ఆగేది మీ ఒక్క ఇంటికే.

మరి మీకు అనుమానం రాకూడదు కదా. అందుకని వంతులు వేసుకున్నాం. రోజుకి ముగ్గురు బాల్కనీలోకి వచ్చి, "అబ్లా, ఒక్క ఐదు నిమిషాలు" అని బతిమాలాలి. బహియ్యా నిజంగా ఏడ్చేది, ఆమెకు వరం ఉంది. మెత్వల్లీ వంతు రాగానే దుకాణం తలుపు దగ్గరకు వచ్చి, "న్యాయం లేదా ఈ లోకంలో" అని ఒకే మాట అనేవాడు. ఎన్ని ఏళ్ళు అన్నా మాట మార్చలేదు. పై అంతస్తులవాళ్ళు ఖాళీ బుట్ట తాడుతో మీ బాల్కనీ దాకా దించి, "మా ఇంటర్నెట్ ఇందులో వేయండి" అనేవారు. మీరు అందులో నిమ్మకాయలు వేసేవారు.

చివరి రెండేళ్ళూ ఎవరికి వారికి చేతిలో ఫోన్లు వచ్చాయి, వంతులు మరిచిపోయారు. నేనొక్కడినే వచ్చేవాణ్ణి. ఎందుకని మార్సెల్ అడిగింది. అలవాటు అన్నాను.

కాబట్టి అబ్లా, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. పెడితే అబద్ధం. పెట్టకపోతే మీ పుస్తకం బీరువాలోకి పోతుంది. పదకొండు కాపురాల తప్పు, మీ పుస్తకం మీద పడింది. క్షమించమని అడిగే అర్హత కూడా లేదు.

వదీ.

తా.క. మూడోసారి పెట్టిన బస్బూసా బాగా కుదిరింది. ఇన్నేళ్ళూ చెప్పే సందర్భం రాలేదు.


అలెగ్జాండ్రియా,
3 ఏప్రిల్ 2024.

గౌరవనీయులు ఉస్తాద్ వదీ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అర్థం కోసం, ఒకసారి ఎర్ర కలంతో. ఒకటే తప్పు ఉంది. "ఆనాటి నుంచి మీకు తెలియదు" అన్న అర్థం వచ్చేలా రాశారు. కొట్టేశాను.

మీ బూడిదరంగు కేబుల్ దిగింది ఫిబ్రవరి పద్నాలుగు, సోమవారం. నాకు తెలిసింది ఫిబ్రవరి పదిహేను, మంగళవారం, మూడు గంటల ఇరవై నిమిషాలకు. నా ప్లగ్గు నా చేతిలో ఉంది. బహియ్యా కిటికీలోంచి కంప్యూటర్‌లో కబురు వచ్చినప్పుడు వచ్చే తలుపు చప్పుడు ఏడుసార్లు వినబడింది. నేను లెక్కల ఉపాధ్యాయినిని, చెవిటిదాన్ని కాను. వెనక కిటికీ దుమ్మని తెరవననుకున్నారు. దుమ్ము దులపాలంటే తెరవాలి కదా.

ఆ మంగళవారం కోపం వచ్చింది. మీ తలుపు మీదికి వచ్చేదాన్నే. ఇంతలో మీరు బాల్కనీలోకి వచ్చి, "అబ్లా, ఒక్క ఐదు నిమిషాలు" అన్నారు. నాలుగో అంతస్తులో బహియ్యా కళ్ళు తుడుచుకుంటోంది. కింద మెత్వల్లీ న్యాయం గురించి అడుగుతున్నాడు. ముగ్గురి వంకా చూశాను. అంతకుముందు సంవత్సరం, లైను వచ్చాక, ఈ ఇంట్లో మధ్యాహ్నం బాల్కనీలోకి వచ్చి మాట్లాడిన మనిషి లేడు. అందరూ లోపల తెర ముందు కూర్చునేవారు. బుట్టలు కూరగాయలకు తప్ప దిగేవి కావు. ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరు పరీక్ష తప్పారో నాకు తెలియడం మానేసింది. ఇప్పుడు నన్ను మోసం చేయడానికైనా రోజూ ముగ్గురు బయటికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు. నన్ను బతిమాలడం రెండు నిమిషాలు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అరగంట.

కాబట్టి రోజూ ప్లగ్గు పీకాను. నా ఇంటర్నెట్టే పోయేది. పోనీ అనుకున్నాను.

పుస్తకం మాట. మీరెవరూ దాన్ని తెరిచి చూడలేదు. మొదటి ఐదు నెలలూ వరస మీద "ఆపిన వేళ" అని ఉంటుంది. 2005 ఫిబ్రవరి పదహారు నుంచి ఆ మాట కొట్టేసి, "బయటికి వచ్చినవారు" అని రాశాను. కింద పేర్లు. తొమ్మిదేళ్ళ పేర్లు. అబద్ధం ఒక్క వరస లేదు.

2011 జనవరి ఇరవై ఎనిమిది మీకు గుర్తుండాలి. శుక్రవారం. నేను ఆపని రోజు. వీధుల్లో ఆందోళనలని ప్రభుత్వమే దేశమంతా ఇంటర్నెట్ ఆపేసింది. నా తలుపు వెనక నిలబడి మెట్ల మీద అడుగులు లెక్కపెట్టాను. పద్నాలుగు మంది మూడో అంతస్తు దాటి ఆరో అంతస్తుకు, మీ దగ్గరకు ఎక్కారు. నా తలుపు ఒక్కరూ తట్టలేదు. అదీ రాశాను. తర్వాత ఐదు రోజులూ, ఎవరూ వంతు వేయకుండానే, పదకొండు కాపురాలవాళ్ళూ బాల్కనీల్లోనే ఉన్నారు. పేజీలో చోటు చాలక అంచున రాశాను. మెత్వల్లీ పైకి చూసి, "అబ్లా, ఇది కూడా మీరేనా?" అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను.

చివరి రెండేళ్ళ వరసలో ఒకే పేరు ఉంది. 2014 మార్చిలో మీరు సామాను సర్దుకుని మార్సెల్ దగ్గరకు వెళ్ళారు. ఆ తర్వాత ఏడు రోజులు ప్లగ్గు పీకాను. ఏడు రోజులూ సున్నా. పుస్తకం మూసేశాను.

ఇక ఆ సాక్ష్యం కాగితం. మీరు దానిమీద సంతకం పెట్టి ఉంటే నేను మీతో మళ్ళీ మాట్లాడేదాన్ని కాను. తప్పు చేసిన పిల్లని నువ్వు తప్పు చేశావు అనకూడదు. సరిపడని ప్రశ్నలు అడుగుతూ పోవాలి, సరైన జవాబు తానే చెప్పేదాకా. పంతొమ్మిదేళ్ళు మీలో ఎవరో ఒకరు చెబుతారని చూశాను. కేబుళ్ళు పీకేస్తే ఇక చెప్పడానికి సాక్ష్యం కూడా ఉండదు. అందుకని రాశాను. నా ఉత్తరాలు తీసి మళ్ళీ చూసుకోండి, నేను అడిగాను, అంతే. ఎక్కడా అబద్ధం రాయలేదు.

ఇకమీదట జరగవలసినవి:

1. జతచేసిన కొత్త సాక్ష్యం మీద, వణకని చేత్తో సంతకం పెట్టి ఏప్రిల్ పదిహేను లోపల పంపాలి. అందులో ఉన్నది ఇంతే: "ఈ పుస్తకంలోని పేర్లవారు, ఆ రోజుల్లో, నిజంగానే బయటికి వచ్చారు."

2. బహియ్యా దగ్గు మానాలి. ఆమెకు చెప్పాను. మానింది.

3. గాలిగూడులోని బూడిదరంగు కేబుల్ నుంచి ఒక మీటరు కోసి, డాక్టర్ మైసాకు ఇవ్వాలి. పుస్తకం పక్కన పెడుతుంది. కార్డు మీద లాగినవారి పేరు ఉంటుంది, ఇత్తడి పలక కంటే చిన్న అక్షరాల్లో.

4. మే ఐదున మీ పండగ అవుతుంది, ఉపవాసం తీరుతుంది. ఆరో తేదీ సోమవారం, అందరి వసంత పండగ షమ్మ్ ఎన్నసీమ్ నాడు, మొదటి బస్సుకి బయలుదేరి రావాలి. ఉప్పుచేప పోర్ట్ సయీద్‌ది తేవాలి. ఉల్లిపాయలు నా దగ్గర ఉన్నాయి.

5. ఆరో అంతస్తు తాళంచెవి నా మేకుకు ఉంది. దుమ్ము దులిపించాను. మధ్యాహ్నం రెండు గంటల యాభై ఐదుకు మీరు మీ బాల్కనీలో, బహియ్యా తన బాల్కనీలో, మెత్వల్లీ తలుపు దగ్గర ఉండాలి. మెత్వల్లీ ఈసారైనా కొత్త మాట అనాలి.

6. మెట్ల కింద కొత్త ఫైబర్ పెట్టె బిగించారు. పదకొండు కాపురాలకూ ఒకేసారి ఆపే మీట అందులో ఏది అన్నది ఇంజనీరు నాకు చెప్పడం లేదు. మీరు వృత్తిలోవారు. కనుక్కుని రావాలి.

ఇన్షిరాహ్.